చప్పుడు లేని పేరు

వాల్విస్ బే రేవులో ఉదయం ఏడింటికి
క్రేన్ల మెడల మీంచి మంచు ఇంకా దిగలేదు.
ఒక్కరోజు యాత్ర, భోజనంతో కలిపి, ఆరుగురికి మించకుండా.
సెబెదియస్ మా పేర్లు పిలిచి, తలలు లెక్కబెట్టి,
టైర్లలో గాలి సగం తీసేశాడు.
"ఇసుకలో ఉబ్బినవాడు మునుగుతాడు" అన్నాడు.
రోజూ అనే మాటే అయ్యుంటుంది. అయినా నవ్వాం.

ఫ్లెమింగోలు. ఉప్పు మళ్ళు. నురగలో ఒక సీల్ పిల్ల శవం,
దాని చుట్టూ నక్క అడుగులు.
కుడివైపు సముద్రం, ఎడమవైపు ఇసుక కొండ,
రెండూ ఒకదాన్నొకటి నమ్మనట్టు
నడుమ ఒక్క బండి పట్టేంత సందు.

దిబ్బ నెత్తిన ఒక నల్ల పురుగు
తలకిందులుగా నిలబడి ఉంది.
మంచు దాని వీపు మీద బొట్టయి, నోట్లోకి జారింది.
కెమెరా ఆలస్యంగా తీసిన పెద్దమనిషి అడిగాడు:
"ఇంకోసారి చేయించగలరా?"
సెబెదియస్ చెప్పాడు: "దాని దాహం తీరిపోయిందండీ."

మధ్యాహ్నానికి ఒక తెల్లటి పల్లంలో బండి ఆపి
"ఇది కుయిసెబ్ నది" అన్నాడు.
ఎక్కడ? అని చూశాం.
"కిందుంది. పైకి వచ్చి తొమ్మిదేళ్ళయింది.
వచ్చిననాడు మా అమ్మమ్మ గట్టున నిలబడి
దాన్ని ఎడాపెడా తిట్టింది,
ఇప్పుడా రావడం, మీ తాత పోయాక, అని."

అక్కడే ఆ పొద.
ఆకు లేదు, అంతా ముళ్ళే, ముళ్ళ మధ్య పచ్చటి కాయలు.
దాని పేరు చెప్పాడు.
మొదట నాలుక అంగిలికి అంటించి, ఊడబెరికిన చప్పుడు.
తర్వాత రెండక్షరాలు.

మేకను అదిలించేటప్పుడు,
ఎవరి కష్టమో విని చ్చొ చ్చొ అనుకునేటప్పుడు
మా నాలుకా చేస్తుంది దాదాపు అలాంటి చప్పుడే.
యాభై ఆరు అక్షరాలు పేర్చుకున్నవాళ్ళం
దానికి మాత్రం పలక మీద చోటివ్వలేదు.

అందరం ప్రయత్నించాం. ఒకావిడకి పొలమారింది.
నేను ఆ చప్పుడు వదిలేసి, మిగిలింది పలికాను:
"నరా."
నా భాషలో అది, ఓ మనిషీ, అని పిలుపు.
ఏమిటన్నట్టు సెబెదియస్ వెనక్కి తిరిగాడు.

ఇసుక మెట్ట మీద అతని మేనత్త పెట్రోనెల్లా
సగానికి కోసిన డ్రమ్ములో కాయల గుజ్జు కలుపుతోంది.
మా వైపు చూడలేదు. పొగ ఎటు తిరిగితే అటు నుంచి తప్పుకుంటోంది.
ఒక్కో పొదా ఒక్కో ఇంటిదట.
ఇది వాళ్ళమ్మది. అది చిన్నాన్నది. ఆ వాలులోది
పెళ్ళి కాకుండానే పోయిన పెదనాన్నది,
దాని కాయ ఎవరు కోసినా అడిగి కోయాలి.
అడగడం ఎవర్ని, అని నేను అడగలేదు.

చేతిలో గింజలు పోసింది. పళ్ళతో చీల్చి తిన్నాం,
బాదంలా ఉందని ఒకరు, నెయ్యిలా ఉందని నేను.
అప్పుడామె ఒక ఎండు కొమ్మ విరిచి
గడ్డంతో దూరంగా చూపించి ఏదో చెప్పింది.
అక్కడ రేకు గది, దాన్నుంచి ఊరి వైపు పోతున్న గొట్టం.
చాలాసేపు చెప్పింది. అందులో ఆ చప్పుళ్ళు
పదకొండు, నేను లెక్కపెట్టాను.
సెబెదియస్ మాకోసం తెచ్చింది నాలుగు మాటలు:
"ఈ ఏడు కాపు తక్కువంటోంది."
ఆ నాలిగింటిలో చప్పుడే లేదు.

బండెక్కే ముందు బూట్లు దులపమన్నాడు.
"ఇసుక ఇక్కడిదే. ఇక్కడే ఉండనివ్వండి."
వరసగా ఒంటికాలి మీద నిలబడ్డాం, కొంగల్లా,
పెట్రోనెల్లా మొదటిసారి నవ్వింది.

రాత్రి హోటల్లో స్నానానికి కుళాయి తిప్పాను.
నీళ్ళకంటే ముందు, గోడలో ఎక్కడో,
గొట్టం ఒక్క చప్పుడు చేసింది,
అంగిలి నుంచి నాలుక ఊడబెరికినట్టు.

దాని వెనకాల పలకాల్సిన రెండక్షరాలు నాకు తెలుసు.

కుళాయి కట్టేశాను.
జుట్టులో కొంచెం ఇసుక ఉండిపోయింది.